ఆరు నెలల రూలు: చంటిబిడ్డను ఎత్తుకుని ఓడ ఎక్కే ముందు

జూన్‌లో ఒక శనివారం సాయంత్రం నేను కుప్పం హాస్టల్ నుంచి మదనపల్లెలో మా ఇంటికి చేరేసరికి లోపల పెద్ద పంచాయితీ నడుస్తోంది. ఒకవైపు మా బావ, ఇంకోవైపు మా అవ్వ. మధ్యలో మా అక్క. అక్క ఒళ్ళో ఏమీ పట్టనట్టు నిద్రపోతున్న నాలుగు నెలల పాప.

విషయం ఏంటంటే, బావ వాళ్ళ బెంగళూరు ఆఫీసు ఫ్రెండ్స్ నాలుగు కుటుంబాలు కలిసి చెన్నై నుంచి శ్రీలంకకు క్రూజ్ ప్లాన్ చేశారు. ఐదు రాత్రులు, జులై చివరి వారం. బావది పుంగనూరు. "మా ఊరి పేరు చెబితే అందరికీ పొట్టి ఆవు ఒక్కటే గుర్తొస్తుంది, మనమూ ఒకసారి ఓడెక్కి ఫోటో పెడదాం" అని ఆయన గోల. అవ్వ ఒకటే మాట మీద ఉంది: "పచ్చి బిడ్డను ఎత్తుకోని సముద్రం మీదికి పోతారా? నడి సముద్రంలో బిడ్డకు ఏమన్నా అయితే యాడికి ఎత్తుకోని పరిగెత్తేది?"

అక్క అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత వంటింట్లో నాతో మెల్లిగా అంది: "రేయ్, కాన్పు అయినప్పటి నుంచి నేను ఈ గడప దాటింది మూడేమూడు సార్లు. మూడూ టీకాలకే. నాకు శ్రీలంక వద్దు, ఏమీ వద్దు. రెండు రోజులు గాలి తగిలితే చాలు." అలా అని కళ్ళు తుడుచుకుంది. ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను. "అక్కా, నేను కనుక్కుంటా. సేఫ్ అయితే సేఫ్ అని చెప్తా, కాకపోతే కాదని చెప్తా" అని మాటిచ్చేశాను.

కంప్యూటర్ సైన్స్ వాడికి ఇంట్లో ఇచ్చే పని ప్రింటర్ రిపేర్, రైలు టికెట్ బుకింగ్. మొదటిసారి ఒక నిజమైన ప్రాబ్లమ్ దొరికింది. నేను తెలుసుకున్నది ఈ వ్యాసం. మీ ఇంట్లో కూడా అక్కో వదినో చంటిబిడ్డతో ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను. ఇంగ్లీష్ మీడియం తెలుగు కాబట్టి తప్పులుంటే క్షమించండి.

మనకు ఓడ ఎక్కడ దొరుకుతుంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్ళకూ సముద్రంతో సంబంధం లేదు. మనకు దగ్గరి పెద్ద రేవు చెన్నై. కుప్పం చెన్నై–బెంగళూరు రైలు మార్గం మీదే ఉంది కాబట్టి రైలెక్కితే సుమారు 250 కిలోమీటర్లు. మదనపల్లె, పుంగనూరు వాళ్ళు పలమనేరు, చిత్తూరు మీదుగా రోడ్డున పోవచ్చు.

చెన్నై నుంచి కార్డీలియా కంపెనీ వాళ్ళ 'ఎంప్రెస్' ఓడ 2022 జూన్‌లో మొదలైంది. మరుసటి సంవత్సరం 2023 జూన్‌లో అదే ఓడ చెన్నై నుంచి శ్రీలంకలోని హంబన్‌తోట, ట్రింకోమలి, కంకేసంతురై రేవులకు వెళ్ళింది. ఆ ఓడ కొత్తదేమీ కాదు, 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' పేరుతో నీళ్ళలోకి దిగింది. అంటే నాకంటే, మా అక్క కంటే కూడా పెద్దది. విశాఖపట్నంలో కూడా 2023లో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. కాబట్టి ఇకమీదట ఈ ప్రశ్న తెలుగు ఇళ్ళలో చాలాసార్లు వస్తుంది.

మొదటి అడ్డంకి: ఆరు నెలలు

నేను చూసిన మొదటి రూలుతోనే జులై ప్లాన్ ఎగిరిపోయింది. ప్రపంచంలో పెద్ద క్రూజ్ కంపెనీలు చాలావరకు ఆరు నెలలు నిండని బిడ్డను ఓడ ఎక్కనివ్వవు. లెక్క చూసేది టికెట్ కొన్న రోజు కాదు, ఓడ కదిలే రోజు. మా పాపకు జులై చివరికి ఐదు నెలలు దాటి కొన్ని రోజులే. రేవు దాకా వెళ్ళి వెనక్కి రావాల్సి వచ్చేది, డబ్బులు కూడా పోయేవి.

బావకు కోపం వచ్చింది. "విమానంలో ఎక్కనిస్తారు, బస్సులో ఎక్కనిస్తారు, ఏసీ రూము, మంచి తిండి, డాక్టరు అన్నీ ఉన్న ఓడలో ఎందుకు ఎక్కనివ్వరు?" అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. నాకూ మొదట అర్థం కాలేదు.

సమాధానం రెండో రూల్లో దొరికింది. అట్లాంటిక్ లాంటి మహాసముద్రం దాటే ప్రయాణాలకు, వరసగా చాలా రోజులు రేవు తగలని ప్రయాణాలకు అవే కంపెనీలు ఆరు నెలలు చాలదు, పన్నెండు నెలలు నిండాలి అంటాయి. ఒక్కసారి ఆలోచించండి. ఓడ అదే. అందులో డాక్టరు అదే. బిడ్డా అదే. మారింది ఒక్కటే, ఒడ్డుకు ఉన్న దూరం. దూరం పెరిగితే వయసు పెరిగింది. అంటే ఇది పైకి వయసు రూలులా కనిపిస్తుంది కానీ, లోపల ఉన్నది దూరం రూలు.

ఇది అర్థమయ్యాక మిగతావన్నీ వాటంతట అవే అర్థమయ్యాయి. గర్భిణులను కూడా చాలా కంపెనీలు 24 వారాలు దాటితే ఎక్కించుకోవు. కారణం అదే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను చూసుకునే ఆసుపత్రి ఓడలో ఉండదు.

యావరేజ్ కేస్, వర్స్ట్ కేస్

మనకు అల్గారిథమ్స్ క్లాసులో చెప్తారు కదా, ప్రోగ్రాం మామూలుగా ఎంత టైం తీసుకుంటుందో ఒక లెక్క, అన్నీ ఎదురు తిరిగితే ఎంత తీసుకుంటుందో ఇంకో లెక్క. క్రూజ్‌కు వెళ్ళొచ్చిన వాళ్ళందరూ మనకు చెప్పేది మొదటి లెక్కే. "మా బాబు హాయిగా నిద్రపోయాడు, ఏ ఇబ్బందీ లేదు" అంటారు. నిజమే చెప్తారు. కానీ చంటిబిడ్డ విషయంలో రెండో లెక్క కూడా వేయాలి.

ఓడ వేగాన్ని నాట్లలో కొలుస్తారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. 18 నాట్ల వేగంతో పోతున్న ఓడ గంటకు సుమారు 33 కిలోమీటర్లు పోతుంది. అంటే మదనపల్లె నుంచి పుంగనూరుకు పోయే పల్లెవెలుగు కంటే తక్కువ. చెన్నై నుంచి ట్రింకోమలికి సముద్రం మీద సుమారు 500 కిలోమీటర్లు. ఆగకుండా పోతే 15 గంటలు. సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు ముందుకు పోయినా, వెనక్కి తిరిగినా ఏడు గంటల పైమాటే. పక్కన తీరం దగ్గరగానే కనిపించవచ్చు, కానీ అంత పెద్ద ఓడ ఎక్కడపడితే అక్కడ ఆగలేదు. దానికి తగిన లోతు, రేవు ఉండాలి. హెలికాప్టర్‌కు కూడా దూరం, వాతావరణం రెండూ కలిసి రావాలి.

ఓడలో డాక్టరు ఉంటారు, నర్సులు ఉంటారు, చిన్న మెడికల్ సెంటర్ ఉంటుంది. జ్వరం, వాంతులు, దెబ్బలు చూస్తారు. పెద్ద ప్రమాదం వస్తే ఒడ్డు చేరేదాకా ప్రాణం నిలబెట్టడం వాళ్ళ పని. పిల్లల ఐసీయూ, పిల్లల స్పెషలిస్టు ఉంటారని అనుకోకూడదు.

ఇప్పుడు బిడ్డ వైపు చూద్దాం. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా డాక్టర్లు ఎమర్జెన్సీగానే చూస్తారు, వెంటనే పరీక్షలు చేస్తారు. ఆరు నెలలకు కొంచెం ఊరట. మన టీకాల పట్టిక ప్రకారం 6, 10, 14 వారాల టీకాలు అప్పటికి పూర్తవుతాయి. అయినా అన్నీ అయిపోయినట్టు కాదు. తట్టు టీకా తొమ్మిది నెలలకు గానీ వేయరు. ఇక విరేచనాలు పట్టుకుంటే పెద్దవాళ్ళ కంటే పసిబిడ్డలు చాలా త్వరగా నీరసించిపోతారు. వాళ్ళ ఒంట్లో నీటి భాగం ఎక్కువ, పోయినదాన్ని తట్టుకునే నిల్వ తక్కువ, "దాహంగా ఉంది" అని చెప్పే నోరు లేదు.

ఇదంతా నేను లాప్‌టాప్ ముందు పెట్టుకుని ఇంట్లో వాళ్ళకు చెప్తున్నాను. అప్పుడు అవ్వ చెప్పింది.

అవ్వ చెప్పిన దూరం

మా అమ్మ కంటే ముందు అవ్వకు ఒక మగబిడ్డ పుట్టాడట. ఈ సంగతి మాకెవరికీ సరిగ్గా తెలియదు. అమ్మకు తెలుసు, కానీ ఎప్పుడూ చెప్పలేదు. 1970లలో, పుంగనూరు దగ్గర ఒక పల్లె. బిడ్డకు ఎనిమిది నెలలు. రాత్రి విరేచనాలు మొదలయ్యాయి. ఊరికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. రాత్రంతా కాచుకుని పొద్దున బస్సు ఎక్కారు.

"దావలోనే చల్లబడిపోయినాడు నాయనా" అంది అవ్వ. అంతే. ఇంకేమీ చెప్పలేదు. ఏడవలేదు కూడా. లేచి పోయి పాప ఉయ్యాల ఊపింది.

నేను లెక్క వేసి చూపించిన ఏడు గంటలు అవ్వకు ముందే తెలుసు. ఆమె పల్లె నడి సముద్రంలో లేదు, కానీ ఆ రాత్రి ఆసుపత్రికి అంతే దూరంలో ఉంది. "నడి సముద్రంలో యాడికి ఎత్తుకోని పరిగెత్తేది" అని అవ్వ అన్నప్పుడు మేము దాన్ని పాతకాలం భయం అనుకున్నాం. క్రూజ్ కంపెనీల రూలు వెనక ఉన్నదీ, మా అవ్వ మాట వెనక ఉన్నదీ ఒకటే.

ఇంకో సంగతి నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం సమయంలో పశ్చిమ బెంగాల్ సరిహద్దు బన్‌గావ్‌లో శరణార్థుల క్యాంపులో కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు సరిపోలేదు. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు సరైన పాళ్ళలో నీళ్ళలో కలిపి తాగించారు. చావులు బాగా తగ్గాయి. చిన్నపేగుల్లో గ్లూకోజు, సోడియం కలిసి లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్ళు వెళ్తాయి. సూత్రం ఇంతే. ఇవాళ మనం మెడికల్ షాపులో కొనే ఓఆర్ఎస్ ప్యాకెట్ అదే. ఆయన 2022లో చనిపోయాక 2023లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

అంటే ఆ మందు అప్పటికే మన దేశంలో ఒక క్యాంపులో పనిచేసింది. పుంగనూరు పక్క పల్లెకు మాత్రం ఆ రాత్రికి చేరలేదు.

అయితే వెళ్ళొద్దా?

ఆ రాత్రి నేను కూడా "వద్దు" అనే అనుకున్నాను. కానీ పొద్దున అక్క మొహం చూశాను. అక్క ఆరోగ్యం కూడా ఆరోగ్యమే కదా. నాలుగు నెలలుగా ఆమె సరిగ్గా నిద్రపోలేదు. వద్దు అని చెప్పడం చాలా తేలిక, కానీ ఆ మాటకు ఖర్చు పెట్టేది అక్క ఒక్కతే.

అందుకే ప్రశ్నను మార్చాను. "వెళ్ళొచ్చా, వెళ్ళకూడదా" కాకుండా, "దూరాన్ని ఎంత తగ్గించగలం" అని అడిగాను. అప్పుడు దారులు కనిపించాయి.

ఒకటి, ఐదు రాత్రుల బదులు రెండు రాత్రులు. సముద్రంలోకి వెళ్ళి చెన్నైకే తిరిగొచ్చే చిన్న ప్రయాణం. వేరే దేశం లేదు కాబట్టి వీసా గొడవ లేదు. శ్రీలంక అయితే ఎంత చిన్న బిడ్డకైనా సొంత పాస్‌పోర్టు ఉండాలి, ఫోటోలో కళ్ళు తెరిచి ఉండాలి. ఆ ఫోటో తీయించడమే ఒక యుద్ధం.

రెండు, బిడ్డకు ఆరు నెలలు నిండాక ఇంకో నెల ఆగడం. అప్పటికి పాలతో పాటు మెత్తటి తిండి కూడా మొదలవుతుంది. ఇల్లు కాని చోట ఏది పడుతుంది, ఏది పడదు అని ముందే తెలుస్తుంది.

మూడు, ప్రయాణానికి వారం ముందు పిల్లల డాక్టరుకు చూపించి, ఆయన సరే అంటేనే బయల్దేరడం. ఆ వారంలో జలుబు చేసినా, జ్వరం వచ్చినా టికెట్ డబ్బులు పోయినా సరే ఆగిపోవడం. ఈ షరతు ముందే ఒప్పుకోవాలి. రేవులో నిలబడి ఒప్పుకోవడం ఎవరి వల్లా కాదు.

నాలుగు, వాతావరణం. బంగాళాఖాతంలో తుఫాన్లు ఎక్కువగా వచ్చేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మళ్ళీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. మేము సెప్టెంబర్ తీసుకున్నాం.

ఓడ ఎక్కాక చూసుకోవాల్సినవి

ఊగడం గురించి అందరూ మొదట భయపడతారు. విచిత్రం ఏంటంటే, రెండేళ్ళ లోపు పిల్లలకు సాధారణంగా ప్రయాణపు వికారం రాదు. అది వచ్చేది ఎత్తుకున్న తల్లికి. పెద్ద ఓడలకు నీటి అడుగున రెండు వైపులా రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, అవి పక్కలకు ఊగడాన్ని తగ్గిస్తాయి. రూము కింది అంతస్తులో, ఓడ మధ్యలో తీసుకుంటే ఊపు ఇంకా తక్కువ. డాక్టరు చెప్పకుండా బిడ్డకు వాంతుల మందు మాత్రం ఇవ్వకూడదు.

పడక: బిడ్డ ఉయ్యాల మంచం ముందే అడిగి పెట్టించుకోవాలి, ఓడలో అవి లెక్కగానే ఉంటాయి. ఇరుకు మంచం మీద ఇద్దరి మధ్య పడుకోబెట్టడం మంచిది కాదు. వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండ్లు లేకుండా పడుకోబెట్టాలి.

చేతులు: ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ తొందరగా పాకుతుంది. దీని మీద శానిటైజర్ అంతగా పనిచేయదు. సబ్బు, నీళ్ళే దారి. బిడ్డను ముద్దు చేయడానికి వచ్చే ప్రతి ఆంటీకీ ఈ మాట చెప్పాలి. మొహమాటపడకూడదు.

తిండి: తల్లిపాలు ఉంటే అంతకు మించిన ఏర్పాటు లేదు. పిండిన పాలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. కలిపిన డబ్బా పాలు రెండు గంటల్లో వాడేయాలి. కెటిల్, ఎలక్ట్రిక్ స్టవ్ లాంటివి చాలా ఓడల్లోకి రానివ్వరు, నిప్పు భయం. కాబట్టి వేడినీళ్ళు అడిగి తెప్పించుకోవాలి. మొలకెత్తిన రాగుల పిండి అవ్వ చిన్న చిన్న పొట్లాలుగా కట్టింది, ఒక్కో పూటకు ఒక్కో పొట్లం.

స్విమ్మింగ్ పూల్: డైపర్ వేసుకునే పిల్లలను చాలా ఓడల్లో పెద్ద పూల్‌లో దిగనివ్వరు. గొడవ పడకండి, ఆ రూలు మన బిడ్డ కోసం కూడా.

లైఫ్ జాకెట్: ఇది అన్నిటికంటే ముఖ్యం. 1912లో టైటానిక్ మునిగాక 1914లో మొదలైన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్. దాని ప్రకారం 24 గంటలు, ఆపైన సాగే ప్రయాణంలో ఓడలో ఉన్న ప్రతి చంటిబిడ్డకూ ఒక శిశు లైఫ్ జాకెట్ ఉండాలి. పదిహేను కిలోల లోపు, మీటరు లోపు పొడవున్న పిల్లలకు అది వేరే సైజు. పెద్దవాళ్ళ జాకెట్ బిడ్డకు తొడిగితే బిడ్డ అందులోంచి జారిపోతుంది. ఎక్కగానే "మా పాపకు జాకెట్ చూపించండి" అని అడగండి, ఒకసారి తొడిగి చూడండి. 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా ఓడ ప్రమాదంలో 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన వాళ్ళకు అప్పటికి సేఫ్టీ డ్రిల్ జరగలేదు. ఆ తర్వాత ఓడ కదిలే ముందే, లేదా కదిలిన వెంటనే డ్రిల్ జరగాలని రూలు మార్చారు. పాప నిద్రపోతోందని డ్రిల్ ఎగ్గొట్టకండి.

ఈ జాకెట్ సంగతి పెద్ద ఓడలకే కాదు. మనలో క్రూజ్ ఎక్కేవాళ్ళు కొందరే. పాపికొండలు బోటు, హోగెనక్కల్ పుట్టి ఎక్కేవాళ్ళు చాలామంది. 2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరు వద్ద గోదావరిలో పాపికొండలుకు పోతున్న బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. చంటిబిడ్డ సైజు జాకెట్ లేని బోటు గంట ప్రయాణమైనా ఎక్కకండి. ఇక్కడ ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది, కానీ నీళ్ళలో పడ్డ బిడ్డకు పది మీటర్లు కూడా దూరమే.

చివరికి ఏమైంది

వచ్చే నెలలోనే మా ప్రయాణం. రెండు రాత్రులు. పాపకు అప్పటికి ఏడు నెలలు. బావ ఫ్రెండ్స్ జులైలోనే శ్రీలంక వెళ్ళొచ్చి ఫోటోలు పెట్టారు, బావ అన్నిటికీ లైక్ కొట్టి ఫోన్ పక్కన పడేశాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన తేదీ కేలెండర్‌లో అక్క ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టింది. ఆ రోజు ఆయన వద్దంటే మేము వెళ్ళం, ఈ మాట మీద నలుగురం ఒప్పుకున్నాం.

పోయిన ఆదివారం నేను కుప్పం బస్సుకు బయల్దేరుతుంటే అవ్వ పిలిచింది. పాప బ్యాగు తెరిచి చూపించింది. రాగి పిండి పొట్లాల పక్కన ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒకటీ రెండూ కాదు, పన్నెండు. రెండు రాత్రులకు అన్ని ఎందుకవ్వా అని అడగబోయి ఊరుకున్నాను.

"నీళ్ళు ఎంత పొయ్యాల్నో దాని మీద ఇంగ్లీషులో రాసుండాది. నువ్వు తెలుగులో రాసి అంటించు నాయనా" అంది.

రాసి అంటించాను. పన్నెండింటి మీదా.